బయటి తిండి – ఇంటి లెక్క



మన రైతులు సేద్యపు ఖర్చును చాలవఱకు జ్ఞాపకమున నుంచుకొందురు. విత్తనములకెంత, ఎఱువులకెంత, ట్రాక్టరు కిరాయి యెంత, కలుపు కూలి యెంత అని యడిగిన వెంటనే చెప్పగలరు. పెండ్లి ఖర్చును, ఆసుపత్రి ఖర్చును పదేండ్లు గడచినను మఱవరు. కాని, "గడచిన నెలలో మీ యింటివారు ఇంటి వెలుపల ఎన్నిమాఱులు తినిరి, త్రాగిరి? దాని కెంత యైనది?" అని యడిగినచో సరియైన జవాబు చెప్పగలవారు మిక్కిలి యరుదు. "ఏమున్నది, రెండు చాయలు" అని నవ్వి యూరకుందురు. ఆ రెండు చాయల లెక్కయే యీ వ్యాసమున విచారింపబడును.

ముందుగా నొక మాట. హోటలులో తినుట తప్పని చెప్పుట నా యుద్దేశము కాదు. హోటలు నడుపువాడును మనవంటివాడే. మన పాలను, మన కూరగాయలను కొనువాడే. నెలల తరబడి పొయ్యి యొద్ద నిలిచిన యిల్లాలు ఒకపూట ఒకరు వండి వడ్డింపగా తినుట ఎంతయు న్యాయమైన కోరికయే. నేను చెప్పదలచినది వేఱు. ఎఱిగి చేసిన ఖర్చు యిల్లు చెడగొట్టదు. ఎఱుగక పోవు ఖర్చే యప్పునకు దారి తీయును.

దేశపు లెక్క యేమి చెప్పుచున్నది?

కుటుంబములు దేనికెంత ఖర్చు పెట్టుచున్నవో తెలిసికొనుటకు మన దేశమున 1950 నుండియు జాతీయ నమూనా సర్వే జరుగుచున్నది. ఆ సంస్థవారు 2022–23 లో జరిపిన కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారము, దేశమందలి గ్రామసీమలలో తలకు నెలకు సగటు ఖర్చు 3,773 రూపాయలు. తెలంగాణ గ్రామములలో నది 4,802 రూపాయలు. దేశపు గ్రామసీమల సగటు ఖర్చులో నూటికి 46.38 పాళ్ళు తిండికే పోవుచున్నది. 1999–2000 లో నీ పాలు నూటికి 59.40 గా నుండెను. అనగా తిండి పాలు తగ్గినది. ఆదాయము పెరిగినకొలది ఖర్చులో తిండి పాలు తగ్గునని 1857 లోనే జర్మనీ దేశపు గణకుడు ఎర్నెస్టు ఎంగెల్ చూపియుండెను. ఇందులో వింత యేమియు లేదు.

వింత యంతయు తిండి లోపలి లెక్కలో నున్నది. 1999–2000 లో గ్రామీణుని ఖర్చులో బియ్యము, జొన్నలు, గోధుమలు మొదలగు ధాన్యములకు నూటికి 22.23 పాళ్ళు పోవుచుండగా, 2022–23 నాటికి అది 4.91 కి దిగినది. అదే కాలమున పానీయములు, ఫలాహారములు, తయారైన తిండ్లు అను పద్దు 4.19 నుండి 9.62 కు పెరిగినది. మఱుసటి యేటి సర్వేలో, అనగా 2023–24 లో, నది 9.84 అయినది. హోటలు చాయ, టిఫిను, వెల యిచ్చి తిను భోజనము, బిస్కత్తులు, చిప్సు పొట్లములు, సీసా పానీయములు అన్నియు నీ పద్దులోనివే. రూపాయలలో చెప్పినచో 2022–23 లో గ్రామీణుడు నెలకు ధాన్యమునకు 185 రూపాయలును, ఈ పద్దునకు 363 రూపాయలును వెచ్చించినాడు. రెండవది మొదటిదానికి దాదాపు రెట్టింపు!

ఈ యంకెలను చదువునపుడు రెండు సంగతులు మఱవరాదు. మొదటిది: రేషను బియ్యము చౌకగానో, ఉచితముగానో వచ్చుటచేత ధాన్యపు ఖర్చు కొంత తక్కువగా కనబడును. ఆహార భద్రతా చట్టము క్రింది ధాన్యమును 2023 జనవరి 1 నుండి ఉచితముగనే యిచ్చుచున్నారు. రెండవది: ఈ పద్దంతయు హోటలులో తిన్నది కాదు, కొట్టులో కొని యింటికి తెచ్చిన పొట్లములును ఇందులో నున్నవి. అయినను ఒక్క విషయము స్పష్టము. మన పొయ్యిమీద తయారుకాని తిండికి మన సొమ్ము పోవుట ఒక తరములోనే హెచ్చినది.

చాయ యెట్లు వచ్చినది?

అలవాటు ఎంత పాతదో తెలిసినచో దానిని సవరించుట ఎంత సులభమో తెలియును. నారాయణఖేడ్ ప్రాంతము 1956 వఱకు బీదరు జిల్లాలో నుండెను. అందుచేతనే మన భాషయందు కన్నడ, మరాఠీ మాటలున్నట్లు మన కంచమందు జొన్నరొట్టె యున్నది. పూర్వము మన రైతు తెల్లవాఱి అంబలి త్రాగియో, రాత్రి మిగిలిన రొట్టె తినియో పొలమునకు పోవువాడు. ఇంటికి వచ్చిన చుట్టమునకు మజ్జిగ యిచ్చెడివారు.

చాయ తనంత తాను పల్లెకు నడచి రాలేదు. విదేశములలో తేయాకు అమ్మకమునకు చిక్కులు వచ్చినపుడు, తోటల యజమానులు ఈ దేశపు జనులచేతనే త్రాగింప నెంచిరి. 1903 లో తేయాకుపై పన్ను విధించి, ఆ సొమ్ముతో ప్రచారము సాగించిరి. తరువాతి దశాబ్దములలో సంతలయందును, జాతరలయందును, రైలు స్టేషనులయందును చాయ కాచి యుచితముగా పోసి రుచి మఱపినారు. మన ముత్తాతల కాలమున ఉచితముగా వచ్చిన గిన్నె నేడు మన యింటి ఖర్చులో నొక స్థిరమైన పద్దు అయినది. వ్యాపారులు తెలివిగా లెక్క వేసికొని చేసిన పని యది. మనము మాత్రము ఇంకను లెక్క వేసికొనలేదు.

ఒక యింటి నెల లెక్క

ఇపుడొక యింటి లెక్క వేయుదము. ఇది ఫలానివారి యిల్లని కాదు, ఉదాహరణమునకై కల్పించినది. ధరలు ఊరూర వేఱుగ నుండును గనుక, మీ యూరి ధరలతో దిద్దుకొనవచ్చును. ఇంటిలో ఐదుగురు: రైతు, అతని భార్య, తల్లి, బడికి పోవు పిల్ల లిద్దఱు.

రైతు ఊరి హోటలులో దినమునకు రెండు చాయలు త్రాగును. చాయ 10 రూపాయల చొప్పున 30 దినములకు 600 రూపాయలు.

బ్యాంకు, ఎఱువుల దుకాణము, తహసీలు కచేరి, మార్కెటు వీనికై నెలకు నాలుగుమాఱులు పట్టణమునకు పోవును. పోయినపు డెల్ల ఉదయము టిఫినుకు 40, మధ్యాహ్న భోజనమునకు 90 రూపాయలు. మొత్తము 520 రూపాయలు.

పిల్ల లిద్దఱకు బడి దినములలో తలకొక 10 రూపాయల పొట్లము. 25 దినములకు 500 రూపాయలు.

వారపు అంగటినాడు ఇంటికి తెచ్చు మిర్చి బజ్జీలు, మిఠాయి వారమునకు 60 రూపాయలు. నాలుగు వారములకు 240 రూపాయలు.

రెండు నెలల కొకసారి ఇంటిల్లిపాది పట్టణమునకు పోయి కలసి తిందురు. దానికి 800 రూపాయలు. నెలకు 400 పడును.

అన్నియు కూడినచో నెలకు 2,260 రూపాయలు. సంవత్సరమునకు 27,120 రూపాయలు.

ఈ సొమ్మును రైతు భాషలోనికి మార్చి చూడుడు. 2025–26 సంవత్సరమునకు కందులకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 8,000 రూపాయలు. ఆ లెక్కన 27,120 రూపాయ లనగా 3 క్వింటాళ్ళ 39 కిలోల కందులు. మన యెఱ్ఱ నేలలలో వానలపై నాధారపడి పండించిన కంది యెకరమునకు ఎంత దిగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఒక యెకరపు కందిలో పెద్దపాలు రెండు చాయల పేర, పొట్లముల పేర, పట్టణపు భోజనము పేర చెల్లిపోవుచున్నది. విత్తి, కలుపు తీసి, పురుగుమందు చల్లి, కోసి, కొట్టి, బస్తాల కెత్తిన శ్రమ యంతయు దానితోడనే పోవుచున్నది.

ఎవరు తినిరి?

ఈ లెక్కలో నింకొక సంగతి దాగియున్నది. అది సొమ్ముకన్న ముఖ్యమైనది. "ఇంటి ఖర్చు" అని మనమనుచున్నాము గదా, ఇంటిలో నెవరికెంత చేరినదో విడదీసి చూచితిమా?

చాయలును, పట్టణపు తిండియు రైతు ఒక్కనివే: 1,120 రూపాయలు. అంగటి మిర్చి బజ్జీలు, కుటుంబ భోజనము కలిపి 640 రూపాయలు ఐదుగురికి సమముగా పంచినచో తలకు 128 రూపాయలు. కావున రైతునకు 1,248 రూపాయలు. పిల్లలకు పొట్లములతో కలిపి తలకు 378 రూపాయలు. భార్యకు 128, తల్లికి 128 మాత్రమే. ఇంటి సొమ్ములో సగముకన్న నెక్కువ ఒక్కరికి చేరగా, ఇద్దఱు స్త్రీలకు కలిపి తొమ్మిదింట నొక వంతు చేరినది.

ఆ స్త్రీలు పనిచేయనివారా? 2024 లో దేశమున జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును జీతములేని యింటిపనికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఇది గాక పొలములో కలుపు తీయుటయు, పత్తి ఏరుటయు కలదు. బయటి తిండికి సొమ్ము చాలని యింట మొదట ఆగిపోవునది హోటలు చాయ కాదు. ఇంటిలోని పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు. ఆ కొఱత మొదట తగులునది ఇల్లాలి కంచమునకే. కావున ఈ లెక్క పొదుపు కొఱకు మాత్రమే కాదు, ఇంటిలోని న్యాయము కొఱకును వ్రాయవలసి యున్నది.

మూడు తెఱగుల ఖర్చు

బయటి తిండి నంతయు నొక్క గాటను కట్టరాదు. అది మూడు తెఱగులు.

మొదటిది అవసరము. తెల్లవాఱి బస్సెక్కి జిల్లా కేంద్రమగు సంగారెడ్డికి పోయినవాడు, ఆసుపత్రిలో రోగికి తోడున్నవాడు, ధాన్యపు కుప్పయొద్ద తూకమునకై కాచుకొన్నవాడు ఎచ్చటనో తినవలెను. చెఱకు నఱకుటకును, పట్టణపు కూలికిని వలస పోవు మన కూలీ సోదరుల గతియు నిట్టిదే. వంట కక్కడ తావుండదు. దినకూలిలో కొంత హోటలుపాలు కాక తప్పదు. ఇది విలాసము కాదు.

రెండవది సంతోషము. పండుగకో, పరీక్ష గట్టెక్కినందుకో, పంట సొమ్ము చేతికి వచ్చినందుకో ఇంటిల్లిపాది కలసి తినుట. దీనికి సొమ్ము ముందుగా తీసి యుంచి, అందఱు పోయి తిని వచ్చినచో నది ధర్మమైన ఖర్చు.

మూడవది అలవాటు. ఆకలి లేదు, పని లేదు, అయినను కాళ్ళు హోటలు వైపు నడచును. ఒకడు నలుగురికి చాయ చెప్పును. మఱునాడు తక్కిన మువ్వురును చెప్పక తప్పదు. పరువు కొఱకు త్రాగు చాయ దాహమును తీర్చదు. పిల్లవాడు ఏడ్చిన పొట్లము చేతి కిచ్చుటయు నీ తెఱగులోనిదే.

అవసరమును సంఘము తగ్గింపవలెను. అలవాటును ఇంటివారు తగ్గించుకొనవలెను. సంతోషమును తగ్గింప నక్కఱలేదు. ఇదియే నేను చెప్పవచ్చిన మాట.

తగ్గించిన నెంత మిగులును?

ఇచట న్యాయముగా లెక్క వేయవలెను. ఇంటి తిండి యుచితము కాదు. ఇంట కాచిన చాయకును పాలు, చక్కెర, పొడి, గ్యాసు కలిపి 5 రూపాయలకు దగ్గఱగ పడును. కావున హోటలు చాయ మానినవానికి మిగులునది 10 కాదు, 5 మాత్రమే. ఈ సంగతి చెప్పకుండ పొదుపును బోధించువారి మాట రైతు నమ్మడు; నమ్మనక్కఱయు లేదు.

పై యింటిలో రెండు చాయలలో నొకటి ఇంట త్రాగినచో నెలకు 150 రూపాయలు మిగులును. పట్టణమునకు పోవునపుడు టిఫిను తిన్నను, మధ్యాహ్నమునకు సద్ది కట్టుకొని పోయినచో, 90 రూపాయల భోజనమునకు బదులు 25 రూపాయల ఖర్చు. నాలుగుమాఱులకు 260 మిగులును. పిల్లల పొట్లములలో సగము మాని, వేరుసెనగలు, బెల్లము, పుట్నాలు ఇంటినుండి కట్టి యిచ్చినచో, వాని ఖర్చు తలకు 4 రూపాయలు పోను 150 మిగులును. మొత్తము నెలకు 560. సంవత్సరమునకు 6,720 రూపాయలు. అంగటి మిర్చి బజ్జీలను గాని, ఇంటిల్లిపాది భోజనమును గాని మనము ముట్టుకొనలేదు.

2025 లో డి.ఏ.పి. బస్తా ధర 1,350 రూపాయలు. ఐదు బస్తాల వెలకు 30 రూపాయలు మాత్రమే తక్కువ! వానకాలపు మొదట ఎఱువునకై బయటి షావుకారు నొద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 6,720 రూపాయలు తెచ్చినచో, సంవత్సరమునకు వడ్డీయే 1,600 రూపాయలు దాటును. సహకార సంఘపు పంట ఋణము నూటికి సంవత్సరమునకు 7 రూపాయల వడ్డీ. గడువులోపల తీర్చినవారికి 3 రూపాయల రాయితీ పోను 4 రూపాయలే. అయినను చాలనపుడు షావుకారు గడప త్రొక్కుచున్నాము. ఆ కొఱతను పూడ్చు సొమ్ము కొంత మన చేతిలోనే యుండి జాఱిపోవుచున్నదని పై లెక్క చూపుచున్నది.

సద్ది గుఱించి

సద్ది కట్టుట పేదఱికపు గుర్తని యువకులు కొందఱు సిగ్గుపడుచున్నారు. జొన్నను చిన్నచూపు చూచుటయు నట్టిదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూఱు గ్రాముల జొన్నలలో మాంసకృత్తులు దాదాపు 10 గ్రాములు, పీచు 10 గ్రాములకు పైన. అంతే తూకపు తెల్ల బియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. జొన్నరొట్టె తిన్నవాడు సాయంకాలము వఱకు ఆకలి యనడని మన పెద్దలు చెప్పిన మాటకు ఈ పీచే కారణము. 2023 వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది; ఆ ధాన్యములలో జొన్నయు నొకటి.

సద్ది కట్టుటలో కొన్ని జాగ్రత్తలు కలవు. రొట్టెలు బాగుగా చల్లాఱిన పిదప పొడి గుడ్డలో చుట్టవలెను. వేడిమీద మూసిన చెమ్మ పట్టి చెడును. ఎండకాలమున పప్పు, పెరుగన్నము మధ్యాహ్నము దాటి నిలువ చేయరాదు. దూర ప్రయాణమునకు రొట్టెతో పాటు పల్లీల పొడి, వెల్లుల్లి కారము, ఉల్లిగడ్డ మేలు. నీళ్ళ సీసా ఇంటినుండియే తీసికొనవలెను.

హోటలులో తినవలసి వచ్చినపుడు నూనెను చూడుడు. మాటిమాటికి కాచి నల్లబడి, చిక్కబడి, పొగలు చిమ్ము నూనెలో వేచిన తిండి హానికరము. కాచిన నూనెలో చెడు పదార్థములు నూటికి 25 పాళ్ళు మించరాదని ఆహార భద్రతా సంస్థవారు 2018 జూలై 1 నుండి నియమము పెట్టియున్నారు. అన్నము తిన్న వెంటనే చాయ త్రాగుటయు మంచిది కాదు. తిండిలోని యినుమును చాయలోని వగరు శరీరమునకు పట్టనీయదు. భోజనమునకు ముందు, వెనుక ఒక గంట యెడము ఉంచవలెనని పోషకాహార సంస్థవారు 2024 లో ప్రకటించిన సూచనలలో చెప్పిరి. రక్తహీనత గల స్త్రీలు దీనిని ముఖ్యముగా పాటింపవలెను.

ఉద్దర పద్దు

హోటలులో నగదు లేకున్నను ఉద్దర దొరకును. గోడకు వ్రేలాడు పుస్తకములో మన పేర నొక పుట యుండును. ఆ పుటలో వ్రాయువాడు హోటలువాడు, మనము వ్రాసికొనము. పంట అమ్మిననాడు ఒక్క మొత్తముగా తీర్చుదుము. హోటలువాడు నిజాయితీపరుడే కావచ్చును. అయినను చేతిలో రూపాయి తీసి యిచ్చునపుడు కలుగు బాధ, పుస్తకములో గీత పడునపుడు కలుగదు. ఫోనుతో సొమ్ము చెల్లించుటయు నిట్లే సులభమైనది. కాని దానిలో నొక మేలు కలదు. నెలాఖరున ఫోను తెఱచి చూచినచో ఏ దినమున నెంత చెల్లించితిమో వరుసగా కనబడును. చదువుకొన్న పిల్లలచేత నది చదివించుకొనుడు. ఉద్దర మాత్రము మానుడు. నగదున్ననాడే చాయ.

సంఘము చేయదగిన పని

అవసరపు ఖర్చులో నెక్కువ భాగము ఆకలివలన గాక ఆలస్యమువలన కలుగుచున్నది. ఒక్క సంతకమునకు మూడుమాఱులు తిరిగినవాడు మూడుమాఱులు తినును. తూకమునకు రెండు దినములు కాచినవాడు రెండు దినములు తినును. కావున సంఘములు ఈ క్రింది పనులు చేయవలెను.

ఎఱువుల పంపకమునకును, కొనుగోలు తూకమునకును ఊరివారీగ దినములు ముందే ప్రకటించి, చీటీలు ఇయ్యవలెను. ఋణపు కాగితములకు ఏమేమి కావలెనో ఒకేసారి పలకమీద వ్రాసి యుంచవలెను. త్రాగు నీరు, నీడ, సద్ది విప్పుకొని తినుటకు శుభ్రమైన యరుగు ఏర్పఱచవలెను. వీనికి పెద్ద ఖర్చు లేదు.

శక్తిగల సంఘములు మహిళా సంఘములతో కలసి భోజనశాల పెట్టుటను గూడ యోచింపవచ్చును. ఇది క్రొత్త యూహ కాదు. 1844 లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది పనివారు సహకార సంఘము పెట్టినపుడు, తమ యుద్దేశములలో మద్యము లేని భోజనశాల నొకదానిని వీలైనంత త్వరగా తెఱచుటయు నొకటిగా వ్రాసికొనిరి. మన దేశమున కాఫీ బోర్డువారు తమ కాఫీ హౌసులను మూసివేయగా, ఉద్యోగములు పోయిన పనివారు ఏ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో 1957 లో సహకార సంఘములుగా నేర్పడి వానిని తామే నడిపిరి. బెంగుళూరులో మొదటి సంఘము, ఆ యేడే ఢిల్లీలో నింకొకటి వెలసెను. మన రాష్ట్రమున 2024 లో మహిళా సంఘములచేత ఇందిరా మహిళా శక్తి క్యాంటీనులు ఆరంభింపబడినవి.

ఇచట నొక హెచ్చరిక. 2014 లో హైదరాబాదు నగరమున అన్నపూర్ణ కేంద్రములయందు 5 రూపాయలకు భోజనము పెట్టసాగిరి. ఆ ధర చూచి మన సంఘమును అట్లే పెట్టవచ్చునని తలచరాదు. తినువాడు చెల్లింపని మిగత సొమ్మును ప్రజాధనమునుండి చెల్లింపవలసి యుండును. సంఘపు భోజనశాల అసలు ఖర్చు వచ్చునట్లు ధర పెట్టి, లెక్కలు నెలనెల సభ్యుల యెదుట చదువవలెను. ఉద్దర యియ్యరాదు. పాలకవర్గమువారును సొమ్ము చెల్లించియే తినవలెను. ఈ మూడు నియమములు తప్పిన సంఘపు హోటలు సభ్యుల వాటాధనమునే తినును.

లెక్క వ్రాయు విధము

సర్వేవారు ఈ పద్దును గుఱించి నెలకంతకు నడుగరు. "గడచిన 7 దినములలో" అని యడుగుదురు. చిన్న ఖర్చులు వారము దాటిన జ్ఞాపకముండవు గనుక అట్లు చేయుదురు. మనమును అట్లే వారమున కొక పుట వ్రాయుదము. పిల్లల పాత నోటు పుస్తకము చాలును. ఐదు గళ్ళు గీయుడు: తేది, ఎవరు తినిరి, ఏమి తినిరి, ఎంత, ఏ తెఱగు – అవసరమా, సంతోషమా, అలవాటా. చాయ యైనను, పొట్లమైనను విడువరాదు. ఇతరులు ఇప్పించిన దానిని గూడ వ్రాయుడు. అది తిరిగి యియ్యవలసిన బాకీయే. వ్రాయు పని ఇల్లాలికిగాని, బడికి పోవు బిడ్డకుగాని అప్పగించిన మేలు. అట్లయిన యజమాని మఱచినను పుస్తకము మఱవదు.

ఒకే నెల వ్రాసిన చాలదు. విత్తు వేళ చేత సొమ్ముండదు. పంట అమ్మిన వేళ చేయి నిలువదు. ఎండకాలమున పెండ్లి ప్రయాణములుండును. కావున ఈ మూడు కాలములలోను నాలుగేసి వారములు వ్రాయవలెను. అపుడే సంవత్సరపు లెక్క నిజమునకు దగ్గఱగ నుండును.

వారము చివర ఇంటివారందఱు కూర్చుండి పుటను ఒక్కమాఱు చదువుకొనుడు. ఎవరిని నిందింప నక్కఱలేదు, అంకెలే మాటలాడును. అలవాటు గడిలోని మొత్తములో సగము తగ్గింప యత్నింపుడు. తగ్గిన సొమ్మును నెలనెల సంఘములోని మీ పొదుపు ఖాతాకు చేర్పుడు. ఇంటిలోని డబ్బాలో నుంచిన సొమ్ము మరల హోటలు దారి పట్టును.

పేర్లు లేకుండ మొత్తములు మాత్రము వ్రాసిన చీటీలను సభ్యులందఱు రాబోవు సర్వసభ్య సమావేశమునకు తీసికొని రావలెనని ప్రార్థన. అన్నియు కూడి చూచినచో మన యూరినుండి ఏటేట నెంత సొమ్ము ఈ దారిని పోవుచున్నదో, అందులో అవసరమువలన పోవునదెంతో తెలియును. నీళ్ళకుండయు, యరుగును చాలునా, భోజనశాల కావలెనా యని అపుడు చర్చింపవచ్చును. అంతవఱకు ప్రతి యింటను పుస్తకములో మొదటి పుట వ్రాయుటకు నేటి సాయంకాలమే తగిన సమయము.